ఎవరి పేరున అడుగుచున్నాము?

ధ్యాన భాగములు: ఆదికాండము 27:1–29, 32:22–30, మార్కు 12:41–44



ప్రతి సంవత్సరమును ఎండలు తగ్గి తొలకరి పడు దినములలో మన గ్రామములయందు రెండు విధములైన ఇండ్లు కనబడుచుండును. ఒక యింటిముందు మిఠాయి పంచుదురు. వీధి మలుపులో బిడ్డ ఫోటోతో ఫ్లెక్సీ కట్టుదురు. ఆదివారము ఆరాధనలో ఆ బిడ్డను ముందుకు పిలిచి సంఘమంతయు చప్పట్లు కొట్టును. రెండవ యింటి తలుపు పగటివేళనే మూసియుండును. ఆ యింటి తల్లి నీళ్ల కొరకు పంపునొద్దకు కూడ చీకటి పడిన తరువాతనే వచ్చును. ఆ మూసిన తలుపు వెనుకనున్న బిడ్డను గూర్చియు, ఆ బిడ్డ వ్రాయబోవు దరఖాస్తును గూర్చియు ఈ నెల మీతో కలిసి ధ్యానింపగోరుచున్నాము.

2025 జూన్ నెలలో నీట్ ఫలితములు వచ్చిన తరువాత ఒక శనివారము రాత్రి మేము మరునాటి ప్రసంగము సిద్ధపరచుకొనుచుండగా, మా సంఘస్థుడైన ఒక తాపీమేస్త్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. "అయ్యగారూ, పాప క్వాలిఫై అయిందండి" అనెను. ఆ మాటలో సంతోషము లేదు. మార్కులెన్ని తల్లీ అని అడుగగా, ఆ బిడ్డ తల వంచుకొని "241 అండి" అని చెప్పెను.

ఈ పరీక్ష సంగతి ఎరుగని పెద్దలు మన సంఘములలో అనేకులు గలరు గనుక కొంచెము వివరింతుము. భౌతిక, రసాయన, జీవ శాస్త్రములలో కలిపి 180 ప్రశ్నలు. మూడు గంటల కాలము. మొత్తము 720 మార్కులు. సరియైన జవాబునకు 4 మార్కులు వచ్చును. తప్పు జవాబునకు ఒక మార్కు పోవును. విడిచిపెట్టిన ప్రశ్నకు సున్న. 2025లో ఈ పరీక్షను 22 లక్షలమందికి పైగా వ్రాసిరి. అర్హతకు హద్దు సాధారణ తరగతివారికి 144 మార్కులనియు, వెనుకబడిన తరగతులవారికిని షెడ్యూల్డు కులములు, తెగలవారికిని 113 మార్కులనియు నిర్ణయింపబడెను. 12 లక్షలమందికి పైగా ఆ హద్దు దాటిరి. అయితే దేశమంతటను ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు లక్షా 20 వేలు మాత్రమే. అనగా అర్హులైన పదిమందిలో ఇంచుమించు ఒక్కరికే చోటు. కాబట్టి "క్వాలిఫై" అను మాటకు సీటు వచ్చినదని అర్థము కాదు. వరుసలో నిలువబడుటకు సెలవు దొరికినదని మాత్రమే అర్థము. చాలమంది తలిదండ్రులకు ఈ సంగతి తెలియదు. తెలియని ఆ చోటనే దళారి వచ్చి కూర్చుండును.

ఆ మేస్త్రియొద్దకును ఒకడు వచ్చెను. "పాప నాలుగేళ్లు సండే స్కూలు చెప్పినట్టు, సంఘం తరఫున పంపుతున్నట్టు పాస్టరుగారి చేత ఒక ఉత్తరం రాయించు. మిగతాది నేను చూసుకుంటా" అనెనట. ఆ మిగతాదానికి కొంత సొమ్ము కావలెను. ఆ సొమ్ము కొరకు ఉన్న 80 సెంట్ల పొలము బేరము పెట్టవలెను. ఆ యింటికి అదితప్ప వేరు ఆస్తి లేదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుడొకడు గలడు. "మీ చేతిలో పనేనండి అయ్యగారూ, ఒక్క కాగితం" అని ఆ తండ్రి మా బల్లమీద చేయి ఆనించెను. సున్నముచేత పగిలిన చేయి అది.

ఇట్టి ఉత్తరములకు గౌరవమైన చరిత్ర గలదు. డాక్టరు ఐడా స్కడ్డరు 1918లో వేలూరునందు స్త్రీల కొరకు వైద్యపాఠశాల తెరచినది మొదలు, సంఘములకును క్రైస్తవ వైద్య కళాశాలలకును సంబంధము పెరుగుచు వచ్చెను. సంఘము తన బిడ్డను ఎన్నుకొని పంపుట, ఆ బిడ్డ చదువు ముగించి మిషను ఆసుపత్రిలో నిర్ణయింపబడిన కాలము సేవచేయుట, ఇది మంచి ఏర్పాటు. అల్పసంఖ్యాకుల సంస్థలకును నీట్ వర్తించునని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను గనుక, మార్కు లేక ఉత్తరమొక్కటియే ఎవరినిని లోపలికి తీసికొనిపోదు. అయినను సంఘపు సాక్ష్యమునకు విలువ పోలేదు. విలువ గలదు గనుకనే దొంగ సాక్ష్యము అడుగబడుచున్నది. చెల్లని నాణెమునకు ఎవడును నకిలీ చేయడు గదా.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. అందుకు కారణము మా మంచితనము కాదు. ఒక పాత సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. సిగ్గుతోనే దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మేము పరిచర్యకు వచ్చిన తొలి సంవత్సరములలో ఒక సంఘపెద్ద తన కుమారుని కొరకు ఇట్టి ఉత్తరమే అడిగెను. ఆ చిన్నవాడు చెడ్డవాడు కాడు. అయితే క్రిస్మసుకును ఈస్టరుకును తప్ప గుడిలో కనబడువాడు కాడు. సంఘపెద్ద మాట కాదనుటకు మాకు ధైర్యము చాలలేదు. మూడు సంవత్సరములు ఆదివారపు బడిలో నమ్మకముగా బోధించెనని వ్రాసితిమి. మా చేతివ్రాత బాగుండదు గనుక, ఆ ఉత్తరమును శుభ్రముగా తిరుగవ్రాసి యిమ్మని సంఘములోని ఒక అమ్మాయిని అడిగితిమి. ఆ మూడు సంవత్సరములును ఆదివారపు బడిలో నిజముగా బోధించినది ఆమెయే. ఆమెయు ఇంటర్మీడియట్ సైన్సు చదివినదే. ఆమె మాటాడక కూర్చుండి, ఒక్క తప్పు లేకుండ వ్రాసి మా చేతికి ఇచ్చెను. మరుసటి ఆదివారము ఆదివారపు బడికి రాలేదు. అటుతరువాత ఎన్నడును రాలేదు. ఆ చిన్నవానికి సీటు రాలేదు. సీటు రానందున మా అబద్ధము తగ్గలేదు. ఆ అమ్మాయి చేతివ్రాతతోనున్న నకలు సంఘపు ఫైలులో నేటికిని ఉన్నది. ఎప్పుడైనను ఎవరైనను సిఫారసు ఉత్తరము అడిగినప్పుడు మేము ముందుగా దానిని తీసి చదువుకొందుము.

ఈ బరువు మా మీదనుంచుకొనియే, తక్కువ మార్కులతో వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టుట విషయమై వాక్యమునుండి మేము గ్రహించినదానిని మూడు ప్రశ్నలుగా మీ యెదుట నుంచుచున్నాము.

1. మార్కు ఏమి చెప్పును?

పరీక్షలో వెనుకబడిన యింటికి వెళ్లినప్పుడు మా వంటి కాపరులము తరచుగా 1 సమూయేలు 16వ అధ్యాయము తీసి చదువుదుము. మనుష్యుల చూపు పైరూపమునొద్ద ఆగిపోవుననియు, దేవుని చూపు హృదయమువరకు పోవుననియు చెప్పి ఓదార్చుదుము. ఆ మాట సత్యమే. అయితే మార్కులకు అర్థమే లేదని చెప్పుటకు దానిని వాడుట న్యాయము కాదు. హృదయము చూచి ఏర్పరచుకొనబడిన దావీదే తరువాత వడిసెల త్రిప్పి గురి తప్పకుండ కొట్టెను. గొఱ్ఱెలయొద్ద ఒంటరిగానున్న దినములలో అతడు చేయి సాధన చేయకుండెనా? ప్రార్థన గురిని కుదుర్చునుగాని గురి నేర్వని చేతికి బదులుగా నిలువదు.

వైద్యుని పని మరింత కఠినమైనది. మందు మోతాదు తెలియనివాడు దయగలవాడైనను రోగికి అపాయమే. మన తల్లిని శస్త్రచికిత్స బల్లమీద పరుండబెట్టినప్పుడు, ఆ డాక్టరు చదువుకొన్నవాడా కాడా అని మనము అడుగుదుము గాని, అతని తండ్రి ఎంత కష్టపడెనో అడుగము. కాబట్టి పరీక్షను తిట్టుకొని మనలను ఓదార్చుకొనకూడదు.

అయితే మార్కు చెప్పునది ఎంత? మే నెలలో ఒక దినమున మూడు గంటలలో 180 ప్రశ్నలకు ఆ బిడ్డ ఎట్లు జవాబిచ్చెనో అది చెప్పును. అంతవరకు అది సత్యమే చెప్పును. రాత్రి రెండు గంటలకు వార్డులో ఏడ్చువానియొద్ద కూర్చుండు ఓర్పు ఆ బిడ్డకు గలదా యనునది అది చెప్పదు. ఏ స్థితినుండి ఆ బిడ్డ ఆ మార్కువరకు వచ్చెనో కూడ అది చెప్పదు.

ఇచ్చట మన ప్రభువు కానుకపెట్టెకు ఎదురుగా కూర్చుండిన సంగతి జ్ఞాపకము చేసికొందము. ధనవంతులు విస్తారముగా వేసిరి. ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసెను. ఆమె అందరికంటె ఎక్కువ ఇచ్చెనని ప్రభువు శిష్యులతో చెప్పెను. ఈ భాగముమీద మేము అనేకసారులు ప్రసంగించితిమి గాని ఒక సంగతి ఆలస్యముగా గ్రహించితిమి. ప్రభువు లెక్క మార్చలేదు. రెండు కాసులను ఇరువది కాసులని చెప్పలేదు. రెండింటిని రెండని చెప్పి, ఆ రెండు ఏ యింటినుండి, ఎంత లేమినుండి వచ్చెనో చూపించెను. లెక్కను దాచిపెట్టుట ఒకటి. లెక్కకు అర్థము చెప్పుట మరియొకటి. మొదటిది మోసము, రెండవది న్యాయము.

తాపీమేస్త్రి కుమార్తె ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమమున మొదలుపెట్టి, మిరపకాయలు కోసిన చేతులతో రాత్రులు పుస్తకము పట్టి తెచ్చుకొన్న 241 వేరు. రెండు మూడు సంవత్సరములు లాంగ్‌టర్మ్ కోచింగులో కూర్చుండి, వేడి భోజనము బల్లమీదికి వచ్చు యింటినుండి తెచ్చుకొన్న 241 వేరు. రెండును 241 అనుటలో అబద్ధము లేదు. ఆ రెంటి నడుమనున్న దూరమును లెక్కలోనికి తీసికొనుటకే మన దేశములో రిజర్వేషనులు ఏర్పడెను. వాటివలన వచ్చిన సీటు దానము కాదు, దొంగిలినదియు కాదు. నిజముగా తనకు చెందిన తరగతిలో, నిజమైన తన మార్కుతో నిలువబడిన బిడ్డ ఎవరియెదుటను తల వంచనక్కరలేదు.

కాబట్టి తక్కువ మార్కులతో దరఖాస్తు పెట్టుట తప్పా యని అడిగినయెడల, తప్పు కాదని నిస్సందేహముగా చెప్పుచున్నాము. దరఖాస్తు అనునది "నా మార్కు ఇది, నన్ను తీసికొందురా?" అను ప్రశ్న. అడుగుట అబద్ధము కాదు. కాదనిపించుకొనుట అవమానమును కాదు.

2. ఎవరి వస్త్రములు తొడుగుకొని అడుగుచున్నాము?

యాకోబు తన తండ్రియొద్ద దీవెన అడుగబోయెను. దీవెన కోరుట తప్పు కాదు. అయితే అతడు తన అన్న వస్త్రములు తొడుగుకొని, చేతులకు మేకపిల్లల తోళ్లు చుట్టుకొని వెళ్లెను. చూపు మందగించిన తండ్రి నీవెవరవని అడుగగా, నేను ఏశావునని చెప్పెను. ఆ తోళ్లు సిద్ధపరచినది పరులు కారు, ప్రేమగల కన్నతల్లియే. మన యిండ్లలో నేటికిని తోళ్లు చుట్టునది తరచుగా ప్రేమయే. తండ్రి పొలము అమ్మును, తల్లి పుస్తె తీసి యిచ్చును, కాపరి ఉత్తరము వ్రాయును. అందరును ప్రేమచేతనే చేయుదురు. నేను ఫలానావాడను కానివాడనని చెప్పవలసిన భారము మాత్రము బిడ్డమీద పడును.

యాకోబునకు దీవెన దొరికెను. అయితే అటుతరువాత అతడు ఇంట నిలువలేక పారిపోయెను. తల్లి ముఖము మరల చూచెనని గ్రంథములో ఎక్కడను లేదు. మామయైన లాబానుయొద్ద ఇరువది సంవత్సరములు తానే మోసపోవుచు బ్రదికెను. తిరిగి వచ్చునప్పుడు యబ్బోకు రేవునొద్ద రాత్రియంతయు పెనుగులాడి మరల దీవెన అడిగెను. అప్పుడు ఆయన అతని పేరు అడిగెను. తండ్రి అడిగిన ప్రశ్నయే మరల వచ్చినది గదా! ఈసారి అతడు యాకోబునని తన పేరే చెప్పెను. ఆ పేరులోనే మోసగాడను అర్థము ధ్వనించును. అట్టి పేరునే దాచక చెప్పినవానికి క్రొత్త పేరును దీవెనయు కలిగెను. కుంటుకొనుచు వెళ్లెనుగాని, తన కాళ్లమీదనే వెళ్లెను.

దరఖాస్తులో మొదటి గడి పేరు. తరువాత మార్కు, తరగతి, మతము, తండ్రి ఆదాయము. ఆ గడులన్నియు యబ్బోకు రేవునొద్దనున్న ఆ ఒక్క ప్రశ్ననే అడుగుచున్నవి.

ఇచ్చట మన సంఘములు గుసగుసలాడుకొనునదేగాని పైకి చెప్పుకొనని సంగతి యొకటి చెప్పక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను, 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను, క్రైస్తవులకు లేదు. క్రీస్తును నమ్మిన షెడ్యూల్డు కులములవారికిని వారి సంతానమునకును మన రాష్ట్రములలో బి.సి.–సి తరగతి క్రింద ఒక శాతము గలదు. పేట మారలేదు, కూలి మారలేదు, పొరుగువాని చూపు మారలేదు. బాప్తిస్మము పొందినందుకు హోదా మాత్రము మారవలెనా అని మనవారు అడుగుట న్యాయమైన ప్రశ్నయే. ఆ ప్రశ్నను న్యాయస్థానములయందును ప్రభుత్వమునొద్దను మన పేరుననే గట్టిగా అడుగవలెను. అయితే క్రైస్తవ విశ్వాసమును అనుసరించుచు రిజర్వేషను కొరకు మాత్రమే హిందువుగా చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుటయేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. న్యాయస్థానము చెప్పకమునుపే మన మనస్సాక్షి ఈ మాట చెప్పుచుండెను. రెండు కాగితములుగల కుటుంబములను తీర్పు తీర్చుటకు మేము వ్రాయుట లేదు. ఆకలి ఎట్టిదో మేమెరుగుదుము. ఆదివారము ఒక పేరు, సోమవారము ఒక పేరు పెట్టుకొని పెరుగు బిడ్డ లోలోపల దేనిని కోలుపోవునో దానిని గూర్చియే మా దుఃఖము.

నీట్ పరీక్షయందు ఒక చిన్న నియమము గలదని పైన వ్రాసితిమి. తెలియని ప్రశ్నను విడిచినవానికి నష్టము లేదు. తెలియక గుర్తుపెట్టి తప్పినవానికి ఉన్నదానిలోనుండి ఒకటి పోవును. జీవితములోను అంతే. లేనిది లేదని ఒప్పుకొన్న చోట సున్న మాత్రమే. లేనిదానిని ఉన్నదని వ్రాసిన చోట, ఉన్నదియు తరిగిపోవును.

3. పిలిచినది ఎవరు?

ఆ రాత్రి మేము మేస్త్రితో మాటాడుచుండగా, అంతవరకు ఊరకున్న ఆ బిడ్డ తల యెత్తి మమ్ము అడిగెను: "అయ్యగారూ, పదో తరగతి పాసైనప్పుడు నా నెత్తిమీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డను దేవుడు డాక్టరుగా పిలిచాడని మీరే ప్రార్థన చేశారు గదండీ. మరి దేవుడు పిలిస్తే ఈ మార్కులేంటండీ?"

ప్రియులారా, ఈ ప్రశ్నకు సెమినరీలో మాకు నేర్పిన జవాబులన్నియు ఆ క్షణమున చాలకపోయెను. దేవుడు ఇంతకంటె మేలైనది దాచియుంచెనని చెప్పుట సులభమే. అయితే యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిపోయిరి. మేము కొంతసేపు ఊరకుండి, నిజమే చెప్పితిమి: "అమ్మా, ఆ దినమున దేవుడు మాతో అట్లు చెప్పలేదు. నీవు డాక్టరువు కావలెనని మాకు ఆశ కలిగినది. మీ నాయన ముఖములో సంతోషము చూడవలెనని ఆ ఆశను దేవుని మాటగా చెప్పితిమి. తప్పు మాది. ఆయన మాట తప్పలేదు."

ఆ బిడ్డ ఏడ్చినది. అయితే తన దేవుడు మాట తప్పెనని తలంచుటకంటె తన కాపరి తొందరపడెనని తెలిసికొనుట ఆమెకు మేలని మేము నమ్ముచున్నాము. ఉత్తరములో వ్రాసిన అబద్ధముకంటె ప్రార్థనలో పలికిన అతిశయోక్తి చిన్నదని మేము అనుకొనుచుంటిమి. అది తప్పు. ఉత్తరము ఆఫీసులో చదివెదరు. ప్రార్థనను బిడ్డ హృదయములో దాచుకొనును.

అయితే పిలుపు అనునది లేదా? కలదు. రోగులయెడల కనికరము ఆ బిడ్డకు చిన్నప్పటినుండియు గలదు; అది దేవుడిచ్చినదే. కాని ఆయన పిలుపు ఒక సీటు నంబరు రూపమున వచ్చునని వాక్యము ఎచ్చటను చెప్పలేదు. గుంటూరులో డాక్టరు కుగ్లరు దొరసాని పేరు ఎరుగనివారెవరు? ఆమె వైద్యవిద్య ముగించుకొనియే 1883లో మన దేశమునకు వచ్చినది. అయినను ఆనాటి మిషనుకు వైద్యపు పని ఆరంభించు తలంపు లేనందున, ముందుగా ఆమెను స్త్రీల మధ్య బోధన పనికే నియమించిరి. ఆమె ఆ పని చేసెను. వచ్చిన రోగులను చూచెను. ఆసుపత్రి 1898లో గాని తెరువబడలేదు. చదువున్న ఆమెకే తలుపు ఆలస్యముగా తెరువబడినప్పుడు, మూసిన తలుపును చూచి పిలుపే లేదని తీర్మానించుటకు మనమెవరము? తలుపు మూసియున్నదని కిటికీ పగులగొట్టుటకును మనమెవరము?

చేయదగిన సంగతులు

తలిదండ్రులారా, ముందుగా బిడ్డ మార్కును, ర్యాంకును, తరగతిని కాగితముమీద వ్రాసికొని, గడచిన సంవత్సరముల చివరి ర్యాంకులతో సరిచూడుడి. ఆంధ్రలో ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము రాష్ట్రపు సీట్లకు కౌన్సెలింగు జరుపుచున్నవి. దళారి చెప్పుమాట నమ్ముటకుముందు అక్కడి ప్రకటనలు చదివించుకొనుడి. మేనేజిమెంటు సీటు చట్టమునకు విరుద్ధము కాదు. స్తోమతగలవారు కట్టినయెడల వారిని నిందింపము. అయితే ఒక బిడ్డ సీటు కొరకు మరియొక బిడ్డ చదువును, ముసలి తలిదండ్రుల కూడును అమ్మవలసివచ్చినప్పుడు, ఆ యింటిలోని అందరిని కూర్చుండబెట్టి అడుగుడి. విదేశములకు పంపదలచినవారు, తిరిగివచ్చిన తరువాత ఇచ్చట మరల ఒక అర్హత పరీక్ష ఉన్నదనియు, దానిలో తప్పువారే అధికులనియు తెలిసికొని పంపుడి. 2022లో ఉక్రెయిను యుద్ధమువలన వేలాది మన పిల్లలు సగము చదువుతో తిరిగివచ్చిన సంగతి మరువకుడి.

చదువుకొను బిడ్డలారా, నీట్ ఎన్నిసారులైనను వ్రాయవచ్చును. 2022 నుండి వయస్సునకు పైహద్దును లేదు. మరల వ్రాయుట మొండితనము కాదు, వ్రాయకుండుట పిరికితనము కాదు. ఏ పాఠమునందు ఎందుకు వెనుకబడితిరో చూచుకొని తీర్మానించుకొనుడి. నర్సింగును, ఇతర వైద్యసేవలను డాక్టరు కాలేనివారి దారియని ఎంచకుడి. జ్వరముతో రాత్రి గడపినవారిని అడుగుడి, తెల్లవారువరకు తమయొద్ద నిలిచినది ఎవరో.

సంఘములారా, కాపరులారా, సీటు వచ్చిన బిడ్డకు చప్పట్లు కొట్టుడి; అది తగినదే. అయితే ఆ ఆదివారమే మూసిన తలుపునొద్దకు కూడ వెళ్లుడి. వాక్యములు తరువాత చెప్పవచ్చును. ముందుగా ఆ యింట కాఫీ త్రాగి కూర్చుండుడి. సాక్ష్యపు ఉత్తరము వ్రాయునప్పుడు, అది ఆదివారము సంఘముయెదుట గట్టిగా చదువదగినదిగా వ్రాయుడి. అట్లు చదువలేని ఉత్తరమును వ్రాయకుడి.

ఆ రాత్రి మేము ఉత్తరము వ్రాసితిమి. ఆ బిడ్డ మా సంఘ సభ్యురాలనియు, రెండు సంవత్సరములనుండి పాటల గుంపులో ఉన్నదనియు, తల్లి జబ్బుపడినప్పుడు చదువు మానక యిల్లు నడిపినదనియు, నిజమైనంతవరకే వ్రాసితిమి. ఆదివారపు బడి మాట వ్రాయలేదు. మేస్త్రి దానిని మడిచి జేబులో పెట్టుకొని, మాకు వందనము చెప్పకయే వెళ్లెను. వారము దినములు మాతో మాటాడలేదు. పొలము మాత్రము అమ్మలేదు.

ఆ బిడ్డ తన 241 మార్కులతో, తన బి.సి.–సి కాగితముతో, తన పేరుననే దరఖాస్తు పెట్టెను. జాబితాలు వచ్చినవి, వాటిలో ఆమె పేరు లేదు. ఆ సంవత్సరమే ఒక నర్సింగు కళాశాలలో చేరెను. మరల నీట్ వ్రాయుదునని గాని వ్రాయనని గాని ఆమె మాతో చెప్పలేదు, మేమును అడుగలేదు. కళాశాలకు వెళ్లుటకు ముందరి ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత ఆమె వచ్చి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి. ఈసారి ఏమవుతానో చెప్పొద్దండీ" అనెను.

ఆమెకొరకు చేసిన ఆ ప్రార్థననే ఇట్టి బిడ్డలందరికొరకును ఇచ్చట వ్రాసి ముగించుచున్నాము.

ప్రభువా, మా బిడ్డ తన పేరు నీయెదుట దాచలేదు. నీవును ఆమెను మరువకుము. ఆమె చేతులకు నేర్పు, మనస్సునకు నెమ్మది యనుగ్రహించుము. మా ఆశలను నీ మాటగా చెప్పకుండ మా నోళ్లకు కావలియుండుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆ నామమున అడుగుటకు తగినట్లు, మా నిజమైన పేరుననే అడుగ నేర్పుము. ఆమేన్.